నీ నంబరు అక్కడ పనిచేస్తుందా?

"రోమింగ్‌లో ఉన్నా, పెట్టేయ్."

పదేళ్ళ క్రితం దాకా హైదరాబాద్ నుంచి బెంగళూరు బస్సెక్కిన వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అన్న మాటే ఇది. అనంతపురం దాటి కర్ణాటకలోకి అడుగు పెట్టామో లేదో, మనం ఫోన్ చేసినా డబ్బులే, మనకి ఎవరైనా చేసినా డబ్బులే. ఇంకొంచెం వెనక్కి వెళితే, 2003 దాకా సొంతూళ్ళో కూర్చుని ఫోన్ ఎత్తినా చార్జీ పడేది. మిస్డ్ కాల్ విద్య మనకి ఆ రోజుల్నించే అబ్బిందేమో అనిపిస్తుంది. సరిహద్దుల విషయంలో ఫోన్ల లెక్క వేరు. రాష్ట్రం రెండు ముక్కలయినా టెలికాం శాఖకి మాత్రం ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఇప్పటికీ ఒకటే.

ఇప్పుడు దేశంలో ఎక్కడ తిరిగినా ఆ బాధ లేదు. దేశం దాటితే మాత్రం ఆ పాతరోజులు మళ్ళీ మొదలవుతాయి.

మొన్న వేసవిలో ఆఫీసు పని మీద ఒక వారం మ్యూనిక్, ఆ తర్వాత మా ఆవిడా నేనూ కలిసి ఐదు రోజులు స్విట్జర్లాండ్ అని ప్లాన్ వేసుకున్నాం. వీసా అయిపోయాక మిగిలిన పెద్ద ప్రశ్న సిమ్. ఆఫీసు గ్రూపులో అడిగితే పదిమంది పది సలహాలు చెప్పారు. ఈ-సిమ్ కొనుక్కో అన్నారొకరు. దిగాక అక్కడి సిమ్ తీసుకో, సగం ధర అన్నారు ఇంకొకరు. మన సిమ్ మీదే ప్యాక్ వేసుకో, తలనొప్పి ఉండదు అని మరొకరు. అందరి లెక్కా జీబీల్లోనే. రోజుకి ఎంత, మొత్తం ఎంత, జీబీకి ఎంత పడింది.

పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసే అలవాటు వల్ల ఏది చదివినా కాస్త అనుమానంగా చదువుతాను. ఈ ప్యాకుల వివరాలు నిజంగా అలా చదవాల్సిన సాహిత్యం. 'అన్‌లిమిటెడ్' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పక్కన ఒక నక్షత్రం. ఆ నక్షత్రాన్ని పట్టుకుని కిందకి దిగితే, రోజుకి ఇంత వాడాక వేగం తగ్గిస్తాం అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. 'యూరప్ ప్యాక్' అంటారు. యూరప్ అంటే ఏయే దేశాలో ఇంకో పేజీలో ఉంటుంది. ఆ పేజీలో స్విట్జర్లాండ్ ఉందా లేదా అన్నది అసలు కథ.

ఈ గొడవ సాగుతుండగానే నాన్నకి ఫోన్ చేసి ప్రయాణం సంగతి చెప్పాను. నాన్న తెనాలిలో ఉంటారు. అమ్మ పోయి మూడేళ్ళయింది. హైదరాబాద్ వచ్చెయ్యమంటే నెల రోజులుండి వెళ్ళిపోతారు. అక్కా బావా డల్లాస్‌లో ఉంటారు. అంటే ఆ పన్నెండు రోజులూ మా ఇద్దరిలో ఒక్కరం కూడా దేశంలో ఉండం. ఆ మాట నేను అనలేదు, ఆయనా అనలేదు. ఎన్ని రోజులు, చలిగా ఉంటుందా, అక్కడ అన్నం దొరుకుతుందా అని అడిగి, చివర్న అన్నారు:

"నీ నంబరు అక్కడ పనిచేస్తుందా?"

వాట్సాప్ ఉంటుంది కదా అనబోయి ఆగాను. ఆయనది మీటల ఫోను. మేం కొనిచ్చిన స్మార్ట్‌ఫోను డబ్బాతో సహా బీరువాలో భద్రంగా ఉంది. మీటల ఫోన్లో రెండో మీట నొక్కి పట్టుకుంటే నాకు రింగవుతుంది. మూడో మీట ఎదురింటి వాళ్ళకి. ఆయన టెలికమ్యూనికేషన్ వ్యవస్థ మొత్తం అంతే. పదిమంది చెప్పిన పది సలహాల్లో దాని ఊసే లేదు.

అప్పుడు సిమ్ సంగతి మొదటినుంచీ ఆలోచించడం మొదలుపెట్టాను.

సిమ్ పుట్టింది మ్యూనిక్‌లోనే. 1991లో అక్కడి గీసెకె అండ్ డెవ్రియెంట్ కంపెనీ మొదటి 300 కార్డులు తయారుచేసి ఫిన్లాండ్‌లోని రేడియోలింజా నెట్‌వర్కుకి అమ్మింది. అప్పుడది ఏటీఎం కార్డంత ఉండేది. తర్వాత చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు కత్తిరిస్తూ కత్తిరిస్తూ గోరంత చేశారు. ఈ-సిమ్‌లో ఆ గోరంత ముక్క కూడా బయటికి కనపడదు, ఫోను లోపలే అతికి ఉంటుంది. ఆకారం ఎంత మారినా అందులో ఉండేది ముఖ్యంగా రెండే: ఒక గుర్తింపు సంఖ్య, ఎవరికీ చెప్పకూడని ఒక రహస్య తాళంచెవి.

మ్యూనిక్‌లో విమానం దిగి ఫోన్ ఆన్ చేస్తే అది అక్కడి నెట్‌వర్కుకి తన సంఖ్య చెప్పుకుంటుంది. మొదటి అంకెలు చూడగానే ఇది ఇండియా కార్డని తెలిసిపోతుంది. 'ఇతను మీవాడేనా?' అని జర్మన్ నెట్‌వర్కు ఇక్కడి నా ఆపరేటర్ని అడుగుతుంది. మావాడే అంటే లోపలికి రానిస్తుంది. నా ఆపరేటర్ కూడా 'ఇతను ప్రస్తుతం ఫలానా నెట్‌వర్కులో ఉన్నాడు' అని తన చిట్టాలో రాసుకుంటుంది. నాన్న తెనాలిలో రెండో మీట నొక్కితే కాల్ ముందు ఇక్కడి ఆపరేటర్ దగ్గరికే వెళుతుంది. చిట్టా చూసి అక్కణ్ణుంచి జర్మనీకి పంపిస్తారు. నాన్నకి అది మామూలు కాలే. దేశం దాటిన తర్వాతి దూరం నా ఖాతాలో పడుతుంది.

రోమింగ్‌లో ఫోన్ ఎత్తినవాడి దగ్గర డబ్బులు లాగడం దోపిడీ అనే ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. రేట్ల విషయంలో ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. పద్ధతిలో మాత్రం ఒక ధర్మం కనపడింది. ఊరొదిలి వెళ్ళింది నేను. ఆ దూరం ఖర్చు నాది. నాన్న కొత్త నంబరు రాసుకోనక్కర్లేదు, ముందు సున్నాలు కలపక్కర్లేదు. నేను ఎక్కడున్నా రెండో మీటలోనే ఉంటాను.

ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుని చూస్తే మూడు దారులూ వేరేగా కనిపించాయి.

మొదటిది జర్మన్ సిమ్. ఆల్డీ, లిడిల్ లాంటి సూపర్ మార్కెట్లలో కూరగాయలతో పాటు చవగ్గానే దొరుకుతుంది. అయితే 2017 నుంచి అక్కడ ప్రీపెయిడ్ సిమ్‌కి కూడా గుర్తింపు నిర్ధారణ తప్పనిసరి. పాస్‌పోర్టు చూపించే తతంగం పూర్తయితే గాని పనిచెయ్యదు. అదే ఏడాది జూన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం సిమ్ ఇంకో దేశంలో అదనపు చార్జీ లేకుండా వాడుకోవచ్చనే నిబంధన వచ్చింది. నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్ యూనియన్‌లో లేకపోయినా ఆ నిబంధనలో ఉన్నాయి. నాలుగువైపులా ఆ దేశాలే ఉన్న స్విట్జర్లాండ్ మాత్రం లేదు. కొన్ని కంపెనీలు తమంతట తాము కలుపుతాయి, కొన్ని కలపవు. కొనేముందు చూసుకోవాల్సిందే. మన తెలుగువాళ్ళు యూరప్ అనగానే ముందు తలుచుకునే దేశమే బయట ఉండిపోయింది.

రెండోది ప్రయాణికుల కోసం అమ్మే ఈ-సిమ్. ఇంట్లో కూర్చుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. స్విట్జర్లాండ్ కూడా ఉన్న ప్యాకు దొరికింది. కానీ వాటిలో ఎక్కువభాగం డేటాకి మాత్రమే. ఫోన్ నంబరు ఉండదు.

మూడోది మన సిమ్ మీద రోమింగ్ ప్యాక్. నంబరు అదే, శ్రమ లేదు. డేటా బాగా కావాలంటే మాత్రం వేలల్లో.

ఫోన్లో రెండు సిమ్‌లకి చోటుంది కాబట్టి రెంటినీ కలిపాను. ఇండియా సిమ్ మీద కాల్స్‌కి సరిపడా చిన్న ప్యాకు వేసి, దాని డేటా రోమింగ్ ఆపేశాను. డేటాకి ఈ-సిమ్. వాట్సాప్ ఏ సిమ్ డేటా మీద నడిచినా పాత నంబరుతోనే ఉంటుంది. ఇంటర్నేషనల్ రోమింగ్ బయల్దేరే ముందే ఆన్ చేయించుకున్నాను. ప్యాకులో రోమింగ్‌లో వచ్చే మెసేజీలు ఉచితమని రాసి ఉంది. అది చాలా ముఖ్యం, ఎందుకంటే నాకొచ్చే మెసేజీల్లో సగం నావి కావు. నాన్న పెన్షన్ పడే బ్యాంకు ఖాతాకి ఉన్నది నా నంబరే. కరెంటు బిల్లుకీ అదే, గ్యాస్ కనెక్షన్‌కీ అదే. అక్కడ రైలు టికెట్ కొనాలన్నా మన కార్డు వాడితే ఓటీపీ వచ్చేది ఈ నంబరుకే.

ఈ-సిమ్‌లో ఒక తమాషా చూశాను. మ్యూనిక్ హోటల్లో కూర్చుని ఏదైనా సైటు తెరిస్తే అది నన్ను వేరే దేశంలో ఉన్నాననుకునేది. రోమింగ్‌లో డేటా సాధారణంగా ముందు ఆ సిమ్ పుట్టింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి లోకంలోకి వెళుతుంది. చైనా వెళ్ళినవాళ్ళకి విదేశీ సిమ్ మీద గూగుల్ తెరుచుకునేది ఇందుకే. ఎక్కడ తిరుగుతున్నా దాని గుమ్మం పుట్టింట్లోనే ఉంటుంది.

మ్యూనిక్ నుంచి జ్యూరిక్ వెళ్ళే రైలు లిండావ్ దగ్గర సరస్సు పక్కగా వచ్చి, బ్రెగెంజ్ దగ్గర కాసేపు ఆస్ట్రియాలో నడిచి, స్విట్జర్లాండ్‌లోకి వెళుతుంది. పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు గాని ఫోను మాత్రం ప్రతి సరిహద్దునీ పట్టుకుంది. ఆస్ట్రియాకి స్వాగతం అన్న మెసేజీ చదివి పెట్టేలోపు స్విట్జర్లాండ్‌కి స్వాగతం అని ఇంకోటి. ఆ హడావిడిలోనే నాన్న ఫోన్.

"ఒరే, గ్యాస్ అబ్బాయి వచ్చాడు. నంబరు చెప్పమంటున్నాడు."

బండ ఇవ్వాలంటే రిజిస్టరైన ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పాలి. పొద్దున మ్యూనిక్ స్టేషన్లో ఉండగానే వచ్చింది ఆ మెసేజీ. చదివాను. నాన్న ఒక్కో అంకే గట్టిగా పలికి ఆ అబ్బాయికి అందించారు. వెనకాల బండ అరుగు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "సరే, ఉంటా" అని పెట్టేశారు. నిమిషం కూడా కాలేదు. ఎక్కడున్నావని అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తే మేం ఏ దేశంలో ఉన్నామో నాకూ తెలియలేదు.

సిమ్ మార్చేసి ఉంటే ఏమయ్యేది? పెద్ద ప్రమాదమేమీ జరిగేది కాదు. బండ వెనక్కి పోయేది, రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చేది. కానీ అదే రెండో మీట అర్ధరాత్రి గుండెల్లో నొప్పొచ్చినప్పుడు కూడా నొక్కాల్సింది. నేను కొన్నది ఆ మీటకి పన్నెండు రోజుల గ్యారంటీ.

జ్యూరిక్‌లో దిగాక ఈ సంగతి అక్కకి చెబితే నవ్వింది. వాళ్ళు వెళ్ళి పదకొండేళ్ళు. బావ ఇండియా సిమ్ ఇప్పటికీ ఒక పాత ఫోన్లో, సొరుగులో, చార్జింగులో ఉంటుంది. బ్యాంకులు, ఆధార్, పొలం కాగితాలు, అన్నీ ఆ నంబరు మీదే. నంబరు 90 రోజులు వాడకుండా వదిలేస్తే ఆపరేటర్ ఆపెయ్యొచ్చు. కొన్నాళ్ళకి దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు కూడా. అప్పుడు మన ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళతాయి. ఇలాంటి నంబర్లు బతికించుకోడానికే డేటా ప్యాకులకి డబ్బులు కట్టేవాళ్ళు. 2024 డిసెంబర్లో ట్రాయ్ కేవలం కాల్స్, ఎస్సెమ్మెస్‌ల కోసం ప్యాకులు ఉండాలని ఆపరేటర్లకి చెప్పాక కాస్త ఊరట. వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. 2023లో అమెరికాతో సహా పది దేశాల నంబర్ల మీద ఎన్నారై ఖాతాలకి యూపీఐ కూడా ఇచ్చారు. అయినా బావ సొరుగు ఖాళీ చెయ్యలేదు. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, వచ్చినా సిమ్ ఉంటుంది అంటాడు.

తిరిగొచ్చాక తెనాలి వెళ్ళినప్పుడు గ్యాస్ ఏజెన్సీలో నాన్న నంబరే పెట్టిద్దామన్నాను. మెసేజీ ఎలా తెరవాలో చూపించాను కూడా. ఆయన శ్రద్ధగా చూశారు.

"ఇప్పుడు నువ్వు చెప్తూనే ఉన్నావుగా. దానికేం వచ్చింది?" అన్నారు.

నేను రెట్టించలేదు. బండ నెలకో, నెలన్నరకో ఒకసారి వస్తుంది. కోడ్ చెప్పాక ఇప్పుడు ఇంకో రెండు మాటలు కూడా మాట్లాడుతున్నాం. రోమింగ్‌లో లేను కదా.

వచ్చే నెల మా టీములో ఒకమ్మాయి మొదటిసారి టోక్యో వెళుతోంది. ఏ ఈ-సిమ్ తీసుకోమంటారని నన్నడిగింది. మీ ఇంట్లో బ్యాంకు మెసేజీలు ఎవరి ఫోన్‌కొస్తాయి అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"అమ్మవీ నాకే వస్తాయి" అంది. "తమ్ముడి కాలేజీవి కూడా."