జుమ్మేరాత్ బజారుకి వెళ్ళొద్దాం రండి

మీ ఇంట్లో అటక మీద ఏమేం ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పెళ్ళప్పటి ఇత్తడి గుండిగ, పిల్లల మూడు చక్రాల సైకిలు, జారు పగిలిన మిక్సీ, ఎప్పుడో బాగు చేయిద్దామని పెట్టిన టేబుల్ ఫ్యాను... మా ఇంట్లో అయితే వీటన్నిటితో పాటు, అటక మీదకి ఎక్కించలేక హాల్లోనే ఉండిపోయిన ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ కూడా ఉండేది. పద్నాలుగేళ్ళ కిందట ముచ్చటపడి కొన్నాం. దాని మీద భోంచేసిన రోజుల కన్నా ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు పోసిన రోజులే ఎక్కువ. నిజం చెప్పండి, మీ ఇంట్లో మాత్రం అంతే కదూ?

దాన్ని అమ్మేసి ఆ డబ్బుతో ఒక కుట్టుమిషను కొనుక్కోవాలని నా ఆలోచన. చుట్టుపక్కల వాళ్ళకి జాకెట్లు కుట్టి, చీరలకి ఫాల్సు వేసి నెలకి నాలుగు డబ్బులు కళ్ళజూస్తున్నాను. అలాంటిది నా పాత మిషను కాస్తా మూలపడింది. బాగుచేసే అతను చూసి "దీని మీద పెట్టే డబ్బుకి ఇంకోటి వస్తుందమ్మా" అనేశాడు. కొత్తది కొనే స్తోమత లేదు. సెకండ్ హ్యాండుదే దిక్కు.

"ఫోన్లో పెట్టేస్తే రెండు రోజుల్లో పోతుందమ్మా" అంది మా అమ్మాయి. టేబుల్ మీద బట్టలు తీసి, తుడిచి, పూలకుండీ ఒకటి పెట్టి ఫొటో తీసింది. ధర 9,000 అని పెట్టాం. పెట్టిన పావుగంటకే ఫోను టింగు టింగుమనడం మొదలైంది. నేను పొంగిపోయి చూద్దును కదా, అన్నీ ఒకటే ముక్క. "ఉందా?" ఉంది అని కొడితే మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. ఇంకొకరు "లాస్ట్ ప్రైస్?" ఒకాయన టేబుల్‌కి బదులుగా చేపల తొట్టి ఇస్తానన్నాడు! వస్తామన్న వాళ్ళ కోసం ఆదివారం పూట ఎక్కడికీ కదలకుండా కూర్చుంటే వాళ్ళు రారు. వచ్చిన వాళ్ళేమో సరిగ్గా అన్నాలు తినే వేళకి వస్తారు. వనస్థలిపురం నుంచి భార్యాభర్తలొచ్చారు. ఆవిడకి నచ్చింది, ఆవిడ మొహంలోనే తెలుస్తోంది. ఆయన మాత్రం కర్రని వేలితో కొట్టి, కిందకి వంగి కాళ్ళు చూసి, మా కాఫీ తాగి, 2,500 అన్నాడు. మావారు "కప్పులు కూడా తీసుకెళ్ళండి" అనబోయి నా మొహం చూసి ఆగిపోయారు.

ఇలా మూడు వారాలు గడిచాక ఒక ఫోను వచ్చింది. ఎంతో మర్యాదగా "నమస్తే మేడమ్" అన్నాడు. తాను ఆర్మీలో పనిచేస్తున్నాడట, సికింద్రాబాదుకి బదిలీ అయిందట, సామాను కొంటున్నాడట. బేరమాడలేదు. "మీరు అడిగినంతా ఇస్తాను. మా మనుషులు వచ్చి తీసుకెళతారు, ముందు అడ్వాన్సు తీసుకోండి" అన్నాడు. ఇన్నాళ్ళకి మర్యాదస్తుడు దొరికాడని సంబరపడ్డాను సుమండీ! నంబరు సరైనదో కాదో చూసుకోవాలి, ఒక్క రూపాయి పంపమన్నాడు. పంపాను. వెంటనే నాకు రెండు రూపాయలు వచ్చాయి. ఇంకేముంది, నమ్మకం కుదిరిపోయింది. ఆ తర్వాత వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపి, "దీన్ని స్కాన్ చేసి మీ పిన్ నంబరు కొట్టండి, 4,500 మీ ఖాతాలో పడతాయి" అన్నాడు. కొట్టాను. పడలేదు. పోయాయి!

కుట్టుమిషను కోసం పైసా పైసా కూడబెట్టిన డబ్బులో 4,500 అలా గాలిలో కలిసిపోయాయి. "సారీ మేడమ్, సిస్టం తప్పు, ఇంకోసారి స్కాన్ చేస్తే రెండూ కలిపి వచ్చేస్తాయి" అంటున్నాడు వాడు. ఆ రెండోసారి నేను నొక్కకపోవడానికి కారణం నా తెలివి కాదు, పొయ్యి మీద పాలు. పొంగిన వాసన వచ్చి వంటింట్లోకి పరిగెత్తాను. స్టవ్ ఆపి అక్కడే నిలబడితే అప్పుడు తెలిసింది, చేతులు వణుకుతున్నాయని.

మీకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మనకి డబ్బు రావడానికి ఏ కోడూ స్కాన్ చేయక్కర్లేదు, ఏ పిన్నూ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన దగ్గర్నుంచి పోతోందనే అర్థం. ఇంతే. ఈ చిన్న సంగతి తెలియకనే చదువుకున్న వాళ్ళు కూడా మోసపోతున్నారు. ఒకవేళ పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు అది. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు వాడి ఖాతాలోంచి ఇంకో ఖాతాకి దాటిపోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

నేనేం చేశానో తెలుసా? మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. మావారు ఏమంటారోనన్న భయం ఒకటి, పిల్ల ముందు చులకనైపోతానన్న సిగ్గు ఒకటి. అన్నం వడ్డిస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే గుర్తొచ్చేది. నాలుగో రోజు రాత్రి ఇక ఆగలేక చెప్పేశాను. ఆయన అరవలేదు. చాలాసేపు పైకప్పు వంక చూసి, "మూడు రోజులు నీకు ముద్ద ఎలా దిగిందే?" అన్నారు. అప్పుడు ఏడ్చాను. మర్నాడు 1930కి ఫోను చేశాం, బ్యాంకుకీ వెళ్ళాం. డబ్బు మాత్రం ఇంతవరకూ రాలేదు. ఆ మూడు రోజులే కొంప ముంచాయి.

అమ్మకం సంగతి ఇలా ఏడిస్తే, కొనడం సంగతి ఇంకోలా ఉంది. మియాపూర్‌లో ఒక మిషను ఉందని ఫోన్లో చూశాను. బొమ్మలో నిగనిగలాడుతోంది. మేముండేది చైతన్యపురి. మియాపూర్ అంటే ఊరికి ఆ చివర. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది కాబట్టి సరిపోయింది. ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కి 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. కిటికీ పక్కన సీటు దొరికితే హైదరాబాదు అంతా ఒక్క టికెట్టుకి చూసేయొచ్చు. మలక్‌పేట దాటగానే కింద మూసీ, కాసేపటికి నాంపల్లి, అసెంబ్లీ, అమీర్‌పేటలో తోపులాట, కూకట్‌పల్లి దగ్గర ఆకాశాన్ని అంటుతున్న అపార్టుమెంట్లు. చూస్తూ చూస్తూ మియాపూర్‌లో దిగి, ఆటో ఎక్కి, మూడో అంతస్తు మెట్లెక్కి బెల్లు కొడితే, "అయ్యో ఆంటీ, ఇప్పుడే గంట కిందట ఇచ్చేశాం" అంది ఆ పిల్ల. ఒక్క ఫోను చేసి చెబితే దాని సొమ్మేం పోయింది? మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది, పాపం. తర్వాత అల్వాల్‌లో ఇంకొకటి చూశాను. ఫొటోలోది వేరు, ఇంట్లోది వేరు.

ఇదంతా విని మా పక్క పోర్షను వదిన నవ్వింది. ఆవిడది ధూల్‌పేట దగ్గర పుట్టిల్లు. "ఫోన్ల బొమ్మ చూసి మిషన్ ఎట్ల కొంటవ్ వదినా? చేతితోని తిప్పి చూడాలె గద! నాతోని రా, జుమ్మేరాత్ బజార్ పోదాం" అంది.

ఉర్దూలో జుమ్మేరాత్ అంటే గురువారం. పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం జరిగే సంత అది. పొద్దున్నే వంట ముగించుకుని, మెట్రోలో గాంధీభవన్ స్టేషన్లో దిగి, ఆటో ఎక్కాం. బేగంబజారు స్టీలు కొట్లు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి, ఆడపిల్ల పెళ్ళి సామాన్ల కోసం అక్కడికి వెళ్ళని ఇల్లు ఉండదు కదా. దాన్ని దాటి ఇంకాస్త ముందుకి పోవాలి. వదిన నన్ను ముందు పురానాపూల్ మీదకి తీసుకెళ్ళింది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించిన వంతెన ఇది. హైదరాబాదు నగరం 1591లో పుట్టింది. అంటే ఊరి కన్నా వంతెనే 13 ఏళ్ళు పెద్దది! అంత చరిత్ర ఉన్న రాళ్ళ మీద ఒకామె కొత్తిమీర కట్టలు పెట్టుకుని కూర్చుంది. ఇంటికి రెండు కట్టలు కొన్నాను. కింద మూసీ వాసన గురించి చెప్పను, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోండి.

ఇక సంత చూడాలి! నేల మీద పట్టాలు పరిచి, దాని మీద లేని వస్తువు లేదు. తలుపు గడియలు, తాళం చెవులు లేని తాళాలు, తాళాలు లేని చెవులు, కుళాయిలు, రంపాలు, సుత్తులు, చేతి గడియారాలు, మడత మంచాలు, ఒంటి చెప్పులు (ఒంటి చెప్పు ఎవరు కొంటారని అడిగాను, "రెండో చెప్పు పారేసుకున్నోళ్ళు" అంది వదిన). ఒక పక్కంతా పాత బట్టలు కుప్పలు. మన వీధుల్లో స్టీలు గిన్నెలు బుట్టలో పెట్టుకుని, పాత బట్టలకి ఇస్తామంటూ ఆడవాళ్ళు వస్తారు చూడండి, వాళ్ళకి మనమిచ్చిన చీరలూ చొక్కాలూ ఇలాంటి చోట్లకే చేరతాయట. ఒక జరీ చీర చూసి, ఇలాంటిది నేనే ఒకప్పుడు టిఫిన్ క్యారియర్‌కి ఇచ్చేశానే అని గుండె కలుక్కుమంది.

సెల్‌ఫోన్లు కూడా కుప్ప పోసి ఉన్నాయి. వాటి జోలికి మాత్రం వెళ్ళొద్దంది వదిన. బిల్లు లేని ఫోను ఎవరి జేబులోంచి వచ్చిందో ఎవరికి తెలుసు? రేపు పోలీసులు వస్తే మన గతేంటి?

కుట్టుమిషన్లు ఒక ముసలాయన దగ్గర ఐదారు కనిపించాయి. అడుగుతూనే 5,500 అన్నాడు. వదిన వినిపించుకోనట్టే మిషను ముందు చతికిలబడింది. ఆవిడ చూసిన పద్ధతి మీకూ పనికొస్తుంది, చెబుతాను. ముందు చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పింది. ఎక్కడా పట్టేయకూడదు, గరగర శబ్దం రాకూడదు. సూది దిగేటప్పుడు కింది కంతలో సరిగ్గా మధ్యకి దిగాలి, అంచుకి తగిలితే సూదులు విరుగుతూనే ఉంటాయి. పాదం ఎత్తి కింద పళ్ళు వేలితో తడిమింది. అవి అరిగిపోతే బట్ట ముందుకి నడవదు. బాబిన్ కేసుని దారంతో పట్టుకుని వేలాడదీసి ఒక్కసారి కుదిపింది. జారి కింద పడిపోతే వదులు, అసలు కదలకపోతే బిగువు, కొద్దిగా జారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. ఆఖర్న సంచీలోంచి రెండు పీలికలు తీసింది, ఒకటి పల్చటి వాయిలు, ఒకటి జీన్సుది. రెండింటి మీదా కుట్టి, పైకుట్టూ కిందికుట్టూ ఒకేలా ఉన్నాయో లేదో తిప్పి చూసింది. మూడు మిషన్లు తప్పాయి. నాలుగోది, రంగు వెలిసిపోయి అన్నిటికన్నా వికారంగా ఉన్నది, రెండు గుడ్డల మీదా ముత్యాల్లాంటి కుట్టు వేసింది.

అప్పుడు మొదలైంది బేరం. వదిన 2,000 అంది. ముసలాయన నవ్వి, "దేఖో అమ్మా, పురానా లోహా హై, ఐసా అబ్ నహీ మిల్తా" అన్నాడు. వదిన లేచి నాలుగడుగులు వేసింది. ఆయన పిలవలేదు. మేమే సిగ్గు లేకుండా వెనక్కి వచ్చాం. టీ తెప్పించాడు. ఎవరి కోసం, ఏం కుడతావు అని నన్నడిగాడు. వచ్చీరాని హిందీలో చెప్పాను, ఫోన్లో పోయిన డబ్బు సంగతి కూడా, ఎందుకో నోరు జారి చెప్పేశాను. ఆయన తల అడ్డంగా ఊపి, తన ఫోను తీసి చూపించాడు, బటన్లు ఉన్న చిన్న ఫోను. చివరికి 3,200కి తెగింది. అందులో 200 తగ్గించాడనుకునేరు, పైసా తగ్గలేదు!

స్టాండుతో సహా ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చేసరికి ఇంకో 600 అయ్యాయి. వచ్చాక బెల్టు జారుతోందని తెలిసింది. నూనె పోయించి, బెల్టు మార్పిస్తే 350. మోటారు ఇంకా పెట్టించలేదు, సంక్రాంతి జాకెట్ల డబ్బు వస్తే చూడాలి. అందాకా కాళ్ళతో తొక్కడమే.

డైనింగ్ టేబుల్ మా వీధి చివర టిఫిన్ సెంటర్ ఆమె 4,000కి తీసుకుంది. కుర్చీలు నాలుగే అడిగింది. మిగతా రెండూ నా దగ్గరే ఉన్నాయి, ఒకదాని మీద నేను కూర్చుని కుడతాను, రెండోదాని మీద మళ్ళీ ఇస్త్రీ బట్టలు.

అన్నట్టు, మిషను సొరుగు బిగుసుకుపోయి ఉంటే రెండు రోజుల తర్వాత స్క్రూడ్రైవరు పెట్టి తీశాను. లోపల అరిగిన సుద్దముక్క, నాలుగు హుక్కులు, ఒక ఎర్ర బొత్తాం, ఉర్దూలో ఏదో రాసిన చిన్న కాగితం ముక్క ఉన్నాయి. అంకెలు చూస్తే పసిపిల్ల గౌను కొలతల్లా ఉన్నాయి. పారేయబుద్ధి కాలేదు. మళ్ళీ సొరుగులోనే పెట్టేశాను. మా అమ్మాయేమో పాత మిక్సీ ఫొటో తీసి ఫోన్లో పెడతానంటోంది. గురువారం దాకా ఆగమన్నాను.