ఏ పని దేనికోసం ఆగింది?

జూన్ 9, 2025, సోమవారం. పలమనేరు

పొద్దుటి నుంచి తుంపర. మొగిలి ఘాట్ దిగితే చిత్తూరులో ఎండ. ఇక్కడ దుప్పటి వదలబుద్ధి కాదు.

బెంగళూరు టీమ్ పనులు రాసుకునే జిరా బోర్డును సర్దే పని ఈ నెల నాకు అప్పజెప్పారు. మాది పాల సేకరణ కేంద్రాల సాఫ్ట్‌వేర్. ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి రేటు కట్టి రైతుకు బిల్లు ఇస్తుంది. బోర్డు తెరవగానే పైన మూడు ఎపిక్‌లు, అంటే పెద్ద పనులు: 'బ్యాకెండ్', 'టెస్టింగ్', 'ఇతరాలు'. ఇవి ఎప్పటికి పూర్తవుతాయి? ఎపిక్ అన్నాక ఒకనాటికి మూసేయగలిగింది కావాలి. 'రైతు తన పదిరోజుల బిల్లు ఫోన్‌లో చూసుకోవాలి', ఇదీ ఎపిక్. అయిందో లేదో ఏ రైతును అడిగినా చెబుతాడు. 'బ్యాకెండ్' లాంటివాటికి లేబుల్ చాలు.

జూన్ 11, బుధవారం

ఒక పని ఇంకో పనిలో భాగం కావడం వేరు, ఇంకో పని కోసం ఆగడం వేరు. సగం గందరగోళం ఈ రెండూ కలిపేయడం వల్లే. ఎపిక్ కింద స్టోరీ, స్టోరీ కింద సబ్‌టాస్క్ అనే వరస ఏది దేనిలో భాగమో చెబుతుంది, అంతే. ఏది ముందో, ఏది వెనకో చెప్పాల్సింది లింకు. రేటు చార్ట్ మార్చే పని ఒక ఎపిక్‌లో ఉంది, బిల్లు ప్రింటు పని మరో ఎపిక్‌లో. కొత్త చార్ట్ రానిదే బిల్లు కదలదు. బోర్డు మీద ఆ సంగతి ఎక్కడా లేదు.

జిరాలో మామూలుగా ఉండే లింకులు 'బ్లాక్స్', 'క్లోన్స్', 'డూప్లికేట్స్', 'రిలేట్స్ టు'. మావాళ్లు ఎక్కడ చూసినా చివరిదే వాడారు. సంబంధం ఉందట. ఏం సంబంధం? ఎవరు ఎవరికి ఏం ఇవ్వాలి? తేల్చుకోలేనప్పుడు పెట్టే లింకు అది. చదివేవాడికి దానివల్ల ఒక్క పనీ తెలియదు.

జూన్ 14, శనివారం

చిన్నాయన పట్టుపురుగుల షెడ్డుకు వెళ్లాను. గోడ క్యాలెండర్ నిండా పెన్సిల్ రాతలు: మల్బరీ తోట కత్తిరించిన తేదీ, షెడ్డు కడిగి మందు కొట్టాల్సిన తేదీ, చిన్న పురుగులను పెంచి ఇచ్చే చాకీ సెంటరుకు 'వంద గుడ్లు' అని చెప్పిన తేదీ.

"పురుగు వచ్చినాక ఆకు సంగతి చూసుకుందామంటే కుదర్దు నాయనా. ముందు తోట, ఆ తర్వాతే గుడ్లు" అన్నాడు.

ఆయన దగ్గర కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. చాకీ సెంటరువాళ్లు రెండో జ్వరం (పొర విడిచే దశ) లేచిన పురుగులను ఇస్తారు. మందు కొట్టని షెడ్డులోకి వాటిని దించితే రోగం తగులుతుంది, కాబట్టి ఇది తిరుగులేని 'బ్లాక్స్'. ఆకుది వేరే లెక్క. పురుగు జన్మంతా తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా అయిదో దశలోనే తింటుంది. మొదటిరోజుకు కొంచెం ఆకు చాలు. చివరి వారానికి మాత్రం తోటంతా ముదరకుండా, లేతగా మిగలకుండా చేతికి రావాలి. అందుకని కత్తిరింపు తేదీ నుంచి రోజులు లెక్కేసుకుని గుడ్లు చెబుతాడు. అంటే ఆ ముడిలో రోజుల లెక్క కూడా ఉంది. గూళ్లు కట్టించే చంద్రికలు పురుగు పండే నాటికి వస్తే చాలు.

"చంద్రికలు తక్కువైతే పక్కోళ్లను అడిగి తెచ్చుకుంటాం. దానికోసం పని ఆపుకుంటామా?"

ఏది నిజంగా ఆపుతుందో, ఏది ఆపదో ఆయనకు అంత తేటగా తెలుసు. మా టీమ్‌లో అడిగితే ప్రతి పనీ ప్రతి పనినీ ఆపుతోందంటారు.

జూన్ 17, మంగళవారం

జిరా లాంటిదే, 2006లో వచ్చిన రెడ్‌మైన్‌లో 'ప్రిసీడ్స్' అనే లింకుకు పక్కనే ఎన్నిరోజుల ఎడమో రాసే గడి ఉంటుంది. ముందు పని తేదీ వెనక్కి పోతే తర్వాతి పని తేదీ కూడా జరుగుతుంది. చిన్నాయన పెన్సిల్‌తో చేసేది ఇదే. జిరా 'బ్లాక్స్' తనంతట తాను తేదీలను ముట్టుకోదు, ఆగిందని చూపి ఊరుకుంటుంది. తేదీ మార్చడం మనిషి చేయాల్సిన పని.

1998 నాటి బగ్‌జిల్లాలో ఇంకో మంచి గుణం ఉంది: దీనికోసం అది, దానికోసం ఇది ఆగేలా చుట్టు తిప్పి రాస్తే ఒప్పుకోదు.

జూన్ 20, శుక్రవారం

బిల్లులో తెలుగు పేర్ల ఒత్తులు విడిపోయి పడుతున్నాయని బంగారుపాళెం వైపు నుంచి ఒక టికెట్, బైరెడ్డిపల్లె నుంచి ఇంకొకటి. ఒకటే జబ్బు. ఒకదాన్ని డూప్లికేట్ అని మూసేశారు. అందులో జతచేసిన బిల్లు ఫొటో, ప్రింటర్ మోడల్ కూడా దాంతోపాటే మూతపడ్డాయి. వెతికి, మిగిలిన టికెట్‌లోకి తెచ్చాను.

ఇలా టికెట్లు కలపడంలో వికీమీడియా వాళ్ల పద్ధతి మేలు. వాళ్లు 2014 నవంబరులో బగ్‌జిల్లా వదిలి ఫాబ్రికేటర్‌కు మారారు. తెలుగు వికీపీడియా సాంకేతిక సమస్యలూ అక్కడే నమోదవుతాయి. అక్కడ ఒక టికెట్‌ను ఇంకోదానిలో కలిపితే, మొదటిదాన్ని గమనిస్తున్నవాళ్లు కూడా రెండోదాని జాబితాలో చేరతారు. సమస్య చెప్పినవాణ్ని గుమ్మంలో వదిలేయని పద్ధతి. నాకు చాలా నచ్చింది.

జూన్ 24, మంగళవారం

టెస్టింగ్ చూసే అమ్మాయి ఎప్పటినుంచో మెషిన్ రీడింగుల కోసం ఎదురుచూస్తోంది. వాటిని పంపాల్సిన అబ్బాయికి ఆ సంగతే తెలియదు. అడిగిన గంటలోనే పంపాడు. అతను సోమరి కాడు, ఆమె మొహమాటస్తురాలు. ఈ మధ్యలో స్టాండప్‌లో రోజూ 'నీ పని ఇంకా కాలేదా' అని మాట పడింది మాత్రం ఆమే. నాకు కోపం వచ్చింది. ఒక లింకు ఉంటే ఆమె వేచి ఉండటం అతని టికెట్ మీదే కనిపించేది.

సాయంత్రం పాత లింకులు ఏరాను. కారణం తీరిపోయినా 'ఆగింది' అని వేలాడుతున్నవి చాలా ఉన్నాయి. తీరిన ముడి విప్పకపోతే కొత్తగా వచ్చినవాడు అది నిజమే అనుకుని చేతులు కట్టుకుంటాడు.

జూన్ 27, శుక్రవారం

బోర్డు ఒక దారికొచ్చింది. 'రిలేట్స్ టు' చాలావరకు తీసేశాను. కొన్ని 'బ్లాక్స్' అయ్యాయి. ఎక్కువ భాగం ఏమీ కాలేదు, ఎందుకంటే అక్కడ నిజంగా ముడి లేదు.

టీమ్‌కు పెట్టిన సందేశం ఇక్కడా రాసుకుంటున్నాను. 'బ్లాక్స్' పెట్టే ప్రతివారూ కింద ఒక్క వాక్యం రాయండి: ఎవరి చేతి నుంచి ఏది అందితే ఈ పని మొదలవుతుంది? అది అందిన రోజునే ఆ లింకు తీసేయండి.