ఎస్‌ఆర్ కావాల్నా, వద్దా?

వార్షికోత్సవ సంచికకు మీరు చదువుతున్న చదువు గురించి నాలుగు మాటలు రాసివ్వండని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. మేము మెట్‌పల్లి సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఒకే గదిలో ఉండి పదో తరగతి పూర్తిచేసిన ముగ్గురం. ఇరవై మూడేళ్ళ వయసులో ఇప్పుడు మెకానికల్‌లో ఎం.టెక్. చదువుతున్నాం. మా మూడిండ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చింది మేమే మొదలు. అందుకే ఇంటికి పోయినప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంతకూ మీరు చదివేది ఏంది బిడ్డా?" ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాం.

మేము చదివేది వెల్డింగ్ గురించి. మన దిక్కున ఆ మాట తెలియని వాడకట్టు ఉండదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల నుంచి గల్ఫ్ పోయినవాళ్ళలో వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు ఎందరో. మస్కట్ పోయినా సౌదీ పోయినా ఊళ్ళో మాత్రం "దుబాయి పోయిండు" అనే అంటారు. వాళ్ళు అక్కడ అతికే పెద్ద ఇనుప పాత్రలనే ప్రెజర్ వెసల్స్ అంటారు. మెస్సులో కుక్కర్ చూశారు కదా, అదే సూత్రం. లోపల పీడనం ఉంటుంది, అది బయటికి రావాలని చూస్తుంటుంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో అక్కడ బాయిలర్లుండేవి. రామగుండంలో 1980లో మొదలై 1999లో ఆగిపోయి, 2021లో గ్యాసు ఆధారంగా మళ్ళీ మొదలైన ఎరువుల కర్మాగారంలో అమ్మోనియా తయారయ్యేదీ ఇలాంటి పాత్రల్లోనే.

పాత్రలోకి సరుకు పోవాలన్నా, బయటికి రావాలన్నా గోడకు రంధ్రం కోసి ఒక గొట్టం అతకాలి. దాన్ని నాజిల్ అంటారు. మా చదువులో ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఈ నాజిలే.

ఎందుకో చెప్తాం. ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా ఎక్కించడం పెద్దవాళ్ళను అడగండి. పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లారి కుంచించుకుపోతూ అది చక్రాన్ని గట్టిగా బిగిస్తుంది. వెల్డింగ్‌లోనూ అంతే. కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది, చుట్టూ ఉన్న ప్లేటు దాన్ని కుంచించుకోనివ్వదు. ఆ బిగువు అతుకులోనే మిగిలిపోతుంది. ఇంటర్ ఫిజిక్సులో ప్రతిబలం అని చదివినది ఇదే. నాజిల్ అతుకు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అన్ని వైపులా పట్టేసినట్టే. పైగా రంధ్రం కోసిన చోట పీడనం వల్ల కలిగే బిగువు కూడా ఎక్కువే. బండికి మేలుచేసిన బిగువు ఇక్కడ కీడు చేస్తుంది.

ఆ బిగువును తగ్గించేందుకే వెల్డింగ్ అయిన తర్వాత పాత్రను ఫర్నేసులో పెట్టి కాలుస్తారు. షాపుల్లో దీన్ని స్ట్రెస్ రిలీవింగ్, పొట్టిగా ఎస్‌ఆర్ అంటారు. మామూలు కార్బన్ స్టీలుకు కనీసం 595 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. 50 మిల్లీమీటర్ల మందం వరకు ప్రతి 25 మిల్లీమీటర్లకు ఒక గంట చొప్పున ఆ వేడిలో ఉంచాలి. 425 డిగ్రీలు దాటాక వేడి పెంచడానికీ, చల్లార్చడానికీ వేగం హద్దులున్నాయి. నాజిల్ ఒక్కదాన్నే గ్యాసు మంటతో ఎర్రగా కాలిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. ఒక్కచోట కాలిస్తే అక్కడ కొత్త బిగువు పుడుతుంది. ఫర్నేసు దొరకకపోతే పాత్ర చుట్టూతా పట్టీలాగా సమానంగా వేడిచేయాలి.

అన్ని పాత్రలకూ ఇది చేయాల్నా? ఖర్చు, సమయం, రవాణా ఉన్నాయి కాబట్టి ఎవరూ ఊరికే చేయరు. మన దేశంలోనూ చాలా షాపులు పాటించే అమెరికా ఏఎస్ఎమ్ఈ కోడ్, సెక్షన్ 8, డివిజన్ 1లో ఒక గీత గీశారు. కార్బన్ స్టీలులో అతుకు మందం 38 మిల్లీమీటర్లు దాటితే ఎస్‌ఆర్ తప్పనిసరి. 32 దాటి 38 లోపు ఉంటే, వెల్డింగ్ చేసేటప్పుడు ప్లేటును కనీసం 95 డిగ్రీలకు వేడిచేసి ఉంచితే మినహాయింపు. మిశ్రమ లోహాలకు లెక్కలు వేరు.

చదివితే తేలికే అనిపిస్తుంది. చిక్కంతా "మందం" అనే మాటలో ఉంది. ఎవరి మందం? షెల్‌దా, నాజిల్ మెడదా?

హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న ఫాబ్రికేషన్ షాపులో మేము ట్రైనింగ్ చేస్తున్నప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. పాత్ర షెల్ 32 మిల్లీమీటర్లు, నాజిల్ మెడ 45. డ్రాయింగ్ మీద "ఎస్‌ఆర్ అవసరం లేదు" అని రాసి ఉంది. సూపర్‌వైజర్ సారును అడిగితే, "షెల్ ముప్పై రెండే కద, ముప్పై ఎనిమిది ఎక్కడ దాటింది?" అన్నారు. మేము కోడ్ పుస్తకం తీసి యూడబ్ల్యూ-40 పేరా ముందు పెట్టుకున్నాం. నాజిల్ దగ్గర అతుకు ఏ ముక్కకు అడ్డంగా పోతుందో దాని మందం చూడాలి: మెడ, షెల్, బలానికి వేసే ప్యాడ్ ప్లేటు, చుట్టూ వేసే ఫిల్లెట్ అతుకు, వీటిలో ఏది ఎక్కువైతే అది. అన్నీ కలిపి కూడటం కాదు.

అంటే మెడను షెల్ రంధ్రంలోకి దింపి, షెల్ అంచును చెక్కి అతికితే, అతుకు షెల్ మందం మేరకే పోతుంది. 32 మిల్లీమీటర్లే, ఎస్‌ఆర్ అక్కరలేదు. అదే మెడను షెల్ మీద నిలబెట్టి, మెడ అంచును చెక్కి అతికితే, అతుకు మెడ మందమంతా పోతుంది. 45 మిల్లీమీటర్లు, ఎస్‌ఆర్ తప్పదు. ప్లేటు అదే, గొట్టం అదే, పీడనం అదే. నిలబెట్టిన తీరు మారితే జవాబు మారింది. ఆ డ్రాయింగ్‌లో మెడను మీద నిలబెట్టారు.

షాపు యజమాని కోప్పడలేదు గానీ లెక్కలేశారు. ఫర్నేసు బాడుగ, లారీ, మూడు రోజుల ఆలస్యం. "లోపలికి దింపి అతికేటట్టు మార్చుకోలేమా?" అని అడిగారు. అది సరైన ప్రశ్నే, కోడ్ ఒప్పుకునే దారే. కానీ అప్పటికే మెడ కొలతకు కోసేశారు, లోపలికి దింపితే పొడవు చాలదు. చివరికి ఇన్‌స్పెక్టర్ కూడా మేము చూపిన పేరానే చూపించారు. పాత్ర ఫర్నేసుకు పోయింది. 45 మిల్లీమీటర్లకు ఒక గంటా నలభై ఎనిమిది నిమిషాలు. చార్టు కాగితం మీద గీత పైకి పోయి, నిలిచి, మెల్లగా దిగింది.

ఆ అతుకు వేసిన వెల్డర్ మన కోరుట్ల దిక్కువారే. పద్నాలుగేండ్లు గల్ఫ్‌లో చేసి వచ్చారు. మేము కాకా అని పిలిచేవాళ్ళం. ఆయన అన్నమాట మాకు గుర్తుండిపోయింది: "అక్కడ మేము కాల్చమంటే కాల్చినం, వద్దంటే వదిలినం. ఎందుకని అడిగే చదువు మాకు లేకపాయె. పరీక్షప్పుడు పాత్ర పక్కన నిలబడేది మాత్రం మేమే."

మందం లెక్క ఒక్కటే చాలదని చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. అమెరికాలో చికాగో దగ్గర రోమియోవిల్ రిఫైనరీలో 1984 జూలై 23న ఒక పాత్ర పగిలి 17 మంది చనిపోయారు. దాని గోడ 25 మిల్లీమీటర్లే. 1974లో మరమ్మతుకు ఒక వలయం మార్చి అతికారు. మందం తక్కువ కాబట్టి ఎస్‌ఆర్ చేయలేదు. కానీ లోపల నడిచేది ఎమీన్ ద్రావణం, హైడ్రోజన్ సల్ఫైడు. అది నాజిల్ కాదు, చుట్టు అతుకు. అయినా పాఠం ఒక్కటే. ఎంత మందం అని అడిగిన నోటితోనే లోపల ఏముంటుంది అని కూడా అడగాలి. కాస్టిక్ సోడా లాంటివి ఉంటే పలుచని అతుక్కూ ఎస్‌ఆర్ అడుగుతారు. ప్రాణాంతక వాయువులు ఉండే కార్బన్ స్టీలు పాత్రలకు కోడ్ తానే అడుగుతుంది, కొద్ది మినహాయింపులతో.

చేశామని చెప్పడమూ చాలదు. ఇంగ్లాండులో 1965 డిసెంబరులో, ఎరువుల కర్మాగారం కోసం కట్టిన 149 మిల్లీమీటర్ల మందపు అమ్మోనియా పాత్ర నీటి పీడన పరీక్షలోనే పగిలింది. రెండు టన్నుల ముక్క ఎగిరి దూరంగా పడింది. దానికి ఎస్‌ఆర్ చేశారు, కానీ కావలసిన వేడి అన్ని చోట్లకూ అందలేదు. అందుకే థర్మోకపుల్స్ ఎక్కడ పెట్టారో, చార్టు ఏం చెబుతోందో చూడాలి.

తమ్ముళ్ళూ, అతుకు మీద చెయ్యి పెట్టి చూస్తే అది కాల్చినదో కాల్చనిదో తెలియదు. రంగు వేశాక రెండూ ఒకటే. తెలిసేది కాగితం మీదే, అదీ పని మొదలుకాకముందే అడిగితేనే. మన తండ్రులు, కాకలు, అన్నలు అతుకులు వేశారు, ఇంకా వేస్తున్నారు. ఆ డ్రాయింగ్ చేతిలో పట్టుకొని, ఇక్కడ మందం ఎంత, లోపల ఏముంది అని అడిగే కుర్చీలో కూడా మనవాళ్ళు కూర్చోవాలి. ఇంగ్లీషు పుస్తకం చూసి భయపడకండి. మేమూ డిక్షనరీ పక్కన పెట్టుకొనే చదివాం. పేరా చివరన ఉండే చిన్న అక్షరాల దాకా చదవండి. మినహాయింపులు, షరతులు అక్కడే ఉంటాయి.