వెన్నులో స్టెరాయిడ్ సూది: నేను వేయించుకున్న తరువాత

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో గులాబీ, చామంతి తోటల నుండి నడుము పట్టుకుని వచ్చినవారిని ఎందరినో చూశాను. "రెండు మూడు నెలలు ఓర్చుకోండి, చాలామందికి దానంతట అదే తగ్గుతుంది" అని చెప్పి పంపేవాణ్ణి. చెప్పినది నిజమే. అయితే ఆ నెలలు ఎంత దీర్ఘమైనవో, పదవీ విరమణ తరువాత పెరట్లో నీళ్ల బకెట్టు ఎత్తిన నాడు గాని నాకు తెలియలేదు.

నొప్పి నడుములో కంటె కాలిలోనే ఎక్కువ. పిరుదు నుండి బొటనవేలి వరకు కరెంటు పాకినట్లుండేది. కూర్చుని అన్నం తినలేకపోయాను. డిస్కులోని గుజ్జు బయటికి పొడుచుకువచ్చి నరాన్ని నొక్కుతుంది, దాని చుట్టూ వాపునూ పుట్టిస్తుంది. స్టెరాయిడ్ ఆ వాపును తగ్గిస్తుందే గాని డిస్కును వెనుకకు నెట్టదు. ఆ గుజ్జును చాలామందిలో శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. అంతవరకు కొన్ని వారాల ఉపశమనం, అదీ కొందరికే, సూది ఇవ్వగలిగినది.

ఆరవ వారంలో నా ఓర్పు నశించింది. నిపుణుడు ఎక్స్‌రే తెరపై చూస్తూ వెన్నులో, నరాలను కప్పిన పొరకు వెలుపల మందు వేశాడు. మూడవ నాటికి కూర్చుని భోంచేశాను. కాని మరునాటి ఉదయమే చక్కెర 280! మధుమేహం ఉన్నవారికి కొన్నాళ్లు ఇలా పెరుగుతుందని రోగులకు చెప్పిన నేనే, నా విషయంలో మరచిపోయాను.

ఒక గులాబీ రైతమ్మ నన్నడిగింది: "సారూ, మా ఆర్‌ఎంపీ ఏసే సూదే గదా ఇది?" కాదమ్మా. పిరుదుకు వేసే ఆ సూదులలో స్టెరాయిడ్ ఉన్నా అది నరం మొదలు వద్దకు సూటిగా చేరదు. మాటిమాటికీ వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి.

వెన్నులో వేసే సూదీ ప్రమాదరహితం కాదు. పక్షవాతం వంటి అరుదైన ముప్పుల గురించి అమెరికా ఔషధ సంస్థ 2014లో హెచ్చరించింది. రక్తం పలుచబరచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మానకండి. పాదం పైకి లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా, మర్మస్థానం మొద్దుబారినా సూది కోసం ఆగకండి. ఆ రోజే నగరంలోని పెద్దాసుపత్రికి చేరండి.

నాకు రెండవ సూది అవసరం కాలేదు. ఉదయం పూట చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడన నడుస్తున్నాను. బొటనవేలి తిమ్మిరి మాత్రం ఇంకా పోలేదు.