టెంపరరీ అన్న మాట

2022 వేసవిలో ఒక శనివారము రాత్రి మా సంఘములోని ఒక సహోదరి కుడిచేతికి తువ్వాలు చుట్టుకొని వచ్చి మా అరుగు మీద కూర్చుంది. రొయ్యల కంపెనీలో మంచునీళ్లు పారే గచ్చు మీద జారి పడింది. మణికట్టు విరిగింది. మేస్త్రి రెండు వేలు చేతిలో పెట్టి, "నువ్వు టెంపరరీవి, కంపెనీకీ నీకూ సంబంధం లేదు" అని వ్యానెక్కించి పంపాడట.

"నిజమేనా అయ్యగారూ?" అని అడిగింది.

"అంతేనమ్మా, అవన్నీ పర్మినెంటు వాళ్లకే" అన్నాము. మాకు తెలియదు. తెలియదని చెప్పియుంటే బాగుండేది. కాపరి మాట గనుక ఆమె నమ్మింది. ఆపరేషనుకు చెవి కమ్మలు తాకట్టు పెట్టారు. ఆదివారము సంఘములో చందా పట్టితే 4,600 రూపాయలు వచ్చాయి. మంచి పని చేశామని సంతోషించాము కూడా.

నాలుగు నెలల తరువాత ఒక పెండ్లి విందులో మా ప్రక్కన కూర్చున్న పెద్దాయన ఈ.ఎస్.ఐ. ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవారు. ఈ సంగతి వినగానే విస్తరిలో చేయి ఆపేశారు. "టెంపరరీ అయితే ఏమండీ?" అన్నారు.

ఆయన వివరించినది ఇది. 1948లో వచ్చిన ఈ.ఎస్.ఐ. చట్టము పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీకి వర్తించేది. నెల జీతము 21,000 రూపాయలు దాటని వారిలో పర్మినెంటు, టెంపరరీ, రోజుకూలీ, పూటపని అనే భేదము లేదు. రోజుకు 400 కూలి అయితే పనివారి వాటా 3 రూపాయలు, యజమాని వాటా 13. తన 13 రూపాయలను యజమాని కూలిలో కోయకూడదు. మనిషిని మేస్త్రి తెచ్చినా ముందుగా కట్టవలసినది కంపెనీయే. తరువాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవచ్చును. హైదరాబాదు రాయల్ టాకీసు కేసులో సుప్రీంకోర్టు 1978లోనే ఈ మాట తేల్చింది. అక్కడ క్యాంటీనును, సైకిల్ స్టాండును నడిపినది కాంట్రాక్టర్లు. అయినా వాటిలో పనిచేసినవారి బాధ్యత సినిమాహాలు యజమానిదే అయ్యింది. 2025 నవంబరు 21 నుండి పాత చట్టము స్థానములో సామాజిక భద్రతా కోడ్ వచ్చినను ఈ బాధ్యత తొలగిపోలేదు.

జబ్బు చేసి సెలవు పెడితే భత్యము రావడానికి ఆరు నెలల కాలములో 78 దినములకు చందా కట్టియుండాలి. పనిలో దెబ్బకు ఆ లెక్క లేదు. చేరిన మొదటి దినమున పడినా, పని చేయలేని కాలమునకు కూలిలో 90 శాతము వస్తుంది. యజమాని కట్టకపోతే పనివారి హక్కు పోదు. సంస్థ ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది.

మాకు ఆ భోజనము సహించలేదు.

ఆమెను వెంటబెట్టుకొని ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగామో. ఆమె మా మనిషే కాదన్నది కంపెనీ. మేస్త్రి హాజరు పుస్తకములో ఆమె పేరు దొరికింది, అదే రక్షించింది. తొమ్మిది నెలలకు కూలి భత్యము వచ్చింది. ప్రైవేటు ఆస్పత్రి ఖర్చు రాలేదు. మొదటి దినమే మేము సరిగా చెప్పియుంటే ఈ.ఎస్.ఐ. ఆస్పత్రికే వెళ్లియుండేది. ఆ మాట ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

ఇది అందరికీ లేదని కూడా చెప్పాలి. పొలము కూలీలకు లేదు. పత్తి జిన్నింగు, వేరుశనగ కాయ ఒలుచు మిల్లుల వంటి సీజను ఫ్యాక్టరీలనూ విడిచిపెట్టారు. మన పల్లెల్లో ఎక్కువమంది వెళ్లేది అక్కడికే, అది మాకు మింగుడు పడదు.

ఇప్పుడు గృహదర్శనములకు వెళ్లినప్పుడు ప్రార్థన అయిన తరువాత, "కంపెనీకి వెళ్లేవాళ్లు మీ ఈ.ఎస్.ఐ. నెంబరు చూపించండమ్మా" అని అడుగుతున్నాము. కొందరు నవ్వుతారు. పోయినవారము ఒక చెల్లి జీతము చీటీ తెచ్చి ఇచ్చింది. ఈ.ఎస్.ఐ. క్రింద 78 రూపాయలు కోసినట్లు అందులో ఉంది. నెంబరు మాత్రము లేదు. సోమవారము ఆ చీటీ పట్టుకొని ఆమెతో కలిసి వెళ్లుచున్నాము.