పగటి నిద్రకు కావలి

రాత్రి డ్యూటీలు చేయగా చేయగా అలవాటైపోతాయని చాలామంది భావిస్తారు. ప్రభుత్వ వైద్యునిగా ఏళ్ల తరబడి రాత్రులు మేలుకొన్న అనుభవంతో చెబుతున్నాను: మనసు సర్దుకుంటుంది గాని శరీరం సర్దుకోదు.

మెదడులోని హైపోథాలమస్‌లో గడియారం వంటి చిన్న నాడీకణ సమూహం ఉంది. కంటిపై పడే వెలుతురును బట్టి అది పగలు, రాత్రి గుర్తిస్తుంది. చీకటి పడితే మెలటోనిన్ హార్మోను పెరుగుతుంది. తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం బాగా తగ్గుతాయి. ఈ గడియారపు జన్యు రహస్యాన్ని విప్పినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. డ్యూటీ పట్టిక మారినంత మాత్రాన ఆ గడియారం మారదు. ఇంటికి వచ్చే దారిలోని ఉదయపుటెండ దానిని మళ్ళీ పగటికే ముడివేస్తుంది.

క్యాజువాలిటీలో నాకు మిక్కిలి కష్టమైన వేళ మూడు, ఐదు గంటల నడుమ ఉండేది. అప్పుడు మందు మోతాదు రెండుసార్లు లెక్కించి, సిస్టర్ చేత పైకి చదివించేవాణ్ణి. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకొన్నవారి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి దిగజారుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన చట్టం 0.03 శాతం దాటితేనే వాహనం నడపనీయదు. కనుక రాత్రంతా మేలుకొన్నవారు బండి తామే నడపకుండా బస్సులోనో ఆటోలోనో ఇల్లు చేరడం మేలు.

ఏళ్ల తరబడి రాత్రి పని చేసేవారిలో మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. రాత్రి షిఫ్టు పని క్యాన్సరుకు బహుశా కారణం కావచ్చునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో ప్రకటించి, 2019లో పునరుద్ఘాటించింది.

ఇక పుస్తకాలలో లేని నష్టం ఒకటుంది. మా అమ్మాయి చిన్ననాడు బొమ్మలాటలో అమ్మ బొమ్మ చేత వంట చేయించేది, నాన్న బొమ్మను మాత్రం ఎప్పుడూ పడుకోబెట్టేది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ పగలు నాకు నిద్ర పట్టలేదు.

మీ ఇంట నర్సో, కానిస్టేబులో, అమెరికా వేళలకు పనిచేసే కుమారుడో ఉండవచ్చు. వారి పగటి నిద్రను బద్ధకమనకండి. గదికి ముదురు రంగు తెరలు కట్టండి. ఫోను బయట ఉంచండి. కుక్కరు పని వారు పడుకోకముందే ముగించండి. తెల్లవారుజామున కాఫీ మానమనండి; దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది. వారు లేచాక ఒక్క పూటైనా అందరూ కలిసి భోజనం చేయండి. నిద్రకు కావలి ఎంత అవసరమో, ఆ భోజనమూ అంతే అవసరం.