అరకు దాకా... సైకిలు మీద!

సినిమాలో హీరో సైకిలెక్కాడంటే చాలు, పాట అందుకుంటాడు. పాట అయ్యేసరికి ఊరు దాటి, ఏరు దాటి హీరోయిన్ వీధిలో తేలతాడు. చెమట పట్టదు, ట్యూబు పేలదు! మరి నిజంగా 115 కిలోమీటర్లు, అదీ కొండెక్కుతూ, తొక్కితే ఎలా వుంటుంది? 2022 డిసెంబరు ఆఖర్న ఓ ఆదివారం విశాఖపట్నం నుంచి అరకు దాకా 24 మందిమి కలిసి తొక్కాం. ఆ కబుర్లు చిత్తగించండి.

బీచిలో క్లాప్!

తెల్లవారుజామున 5 గంటలకి రామకృష్ణా బీచిలో బయల్దేరాం. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, నెత్తిన హెల్మెట్ - ఈ మూడూ లేనివాళ్ళని మా లీడరు వరసలోకి రానివ్వలేదు. ఇది పందెం కాదు, ఫస్టు ప్రైజు లేదు. షరతు ఒక్కటే: మధ్యాహ్నం 3 గంటలకల్లా గాలికొండ చేరాలి. చేరనివాళ్ళని సైకిలుతో సహా వెనకొచ్చే వాన్‌లో ఎక్కించేస్తారు. శీతాకాలం కదా, కొండమీద పొద్దు తొందరగా వాలుతుంది. ఘాట్‌లో చీకటి పడితే ప్రమాదం.

నా డ్యూటీ అందరికంటే వెనకవాడి వెనక వుండటం. ఆ వెనకవాడెవరో పెందుర్తి దాటకముందే తెలిసిపోయింది. డిగ్రీ చదివే కుర్రాడు. గేర్లు లేని మామూలు సైకిలు, కేరియర్ కూడా తియ్యలేదు.

"మా నాన్నది అన్నా. ఇరవై ఏళ్ళు దీనిమీదే డ్యూటీకెళ్ళాడు. కొండ ఎక్కుతాదో లేదో చూద్దామని!" అన్నాడు.

మైదానంలో వాడికే లోటూ రాలేదు. ఎందుకంటారా? ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వాడి వెనక, బారెడు దూరంలో తొక్కేవాడికి ఆ శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే పది నిమిషాలకోసారి ముందువాడు పక్కకి తప్పుకుని వెనక్కి వచ్చేవాడు, ఇంకొకడు ముందుకెళ్ళేవాడు. రోడ్డుమీద గుంతొస్తే ముందువాడు చెయ్యి కిందికి చూపిస్తాడు. ఆ సైగ ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా వస్తుంది. కొత్తవలస దాటేసరికి ఇరవై నాలుగు సైకిళ్ళూ ఒక్క రైలుబండిలా సాగిపోతున్నాయి. అంతా ట్రాలీ షాటే!

ఎస్.కోటలో ఇంటర్వెల్

శృంగవరపుకోటలో ఇడ్లీ, పెసరట్టు, రెండేసి అరటిపళ్ళు. అక్కణ్ణుంచి కొంతదూరం పోగానే ఘాట్ మొదలు. అసలు కథ కూడా అక్కడే మొదలు.

కొండెక్కేటప్పుడు స్పీడు పడిపోతుంది. స్పీడు లేకపోతే చీల్చడానికి గాలీ లేదు, ముందువాడి వెనక దాక్కోవడమూ లేదు. ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి. మొదటి నాలుగు మలుపుల్లోనే మా రైలుబండి ముక్కలైపోయింది. గేర్లున్నవాళ్ళు చిన్న గేరులో చకచకా కాళ్ళాడిస్తూ ఎక్కిపోతున్నారు. మా తమ్ముడు మాత్రం సీటుమీంచి లేచి నిలబడి, ఒక్కో పెడలూ ఒంటి బరువంతా వేసి తొక్కుతున్నాడు. టూరిస్టు కార్లు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి.

టైడా దగ్గర టీ కొట్టాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, బస్సులు లేవేటి? ఇలాగొచ్చినారు!" అన్నాడు. ఏం చెప్తాం?

డాముకు దాటాక చైను పడిపోయింది. 1989లో 'శివ' వచ్చినప్పుడు నాగార్జున సైకిలు చైను ఒక్క లాగు లాగితే హాళ్ళు దద్దరిల్లాయి. ఇక్కడ మాకు ఆ చైనే విలన్! పుల్లతో ఎత్తిపెట్టి, నల్లబడ్డ చేతులు ఆకులకి తుడుచుకుని మళ్ళీ బయల్దేరాం. ఎక్కడో కింద లోయలో రైలు కూత వినిపించింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన కిరండూల్ లైను అది. రైలుకైతే కొండని 50కి పైగా చోట్ల తొలిచి దారిచ్చారు. మాకు ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు!

అనంతగిరిలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, కొమ్మల్లో ఎర్రటి కాఫీ పళ్ళు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఇదే. చూడ్డానికి ఎంత బావుందో! మావాడికి మాత్రం ముందు చక్రం తప్ప ఏమీ కనిపించడంలేదు. ఇక తొక్కలేక దిగి తొయ్యడం మొదలెట్టాడు. తోస్తే తప్పులేదు, వాన్ ఎక్కితేనే అవుట్.

గాలికొండ క్లైమాక్స్

2 గంటల 40 నిమిషాలు. ఇంకా మలుపులున్నాయి. వెనకనుంచి వాన్ డ్రైవరు వాచీ చూపించాడు. కుర్రాడు తల వంచుకుని తోస్తూనే వున్నాడు.

అప్పుడు పైనుంచి ముగ్గురు దిగి వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకే గాలికొండ చేరిన మొనగాళ్ళు! అరకులో వేడివేడి భోజనం వదిలేసి ఇటు వచ్చారన్నమాట. వాడి సైకిలుమీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వేస్తే ఆ కొండ వాడు ఎక్కినట్టు కాదు కదా! ముగ్గురూ తమ సైకిళ్ళు దిగి, వాడి పక్కనే తోసుకుంటూ నడిచారు. అంతే. మాటల్లేవు, రీ-రికార్డింగ్ లేదు.

2 గంటల 54 నిమిషాలకి గాలికొండ! పైన మిగతా పంతొమ్మిదిమందిలో ఒక్కరు కూడా కదలకుండా కూర్చుని వున్నారు.

అప్పుడర్థమైంది నాకు, జట్టంటే ఏమిటో. మైదానంలో జట్టు గాలిని పంచుకుంటుంది. కొండమీద గాలిని పంచుకోవడం కుదరదు, అందుకని టైమును పంచుకుంటుంది. అంటే, ఆగుతుంది. ముందు వెళ్ళడానికి కాళ్ళుంటే చాలు, ఆగడానికి మనసుండాలి.

అక్కణ్ణుంచి సుంకరిమెట్ట మీదుగా దిగుడే దిగుడు. అరకు పొలాల్లో వలిసె పూలు పచ్చగా విరగబూసి వున్నాయి. తమ్ముడు మొదటిసారి తలెత్తి చూశాడు. "అన్నా, ఇదంతా ఇప్పటిదాకా ఎక్కడుంది?" అన్నాడు!

మీకూ సరదా పుట్టిందా? రేపే అరకు అనకండి. ఆదివారాలు 20 కిలోమీటర్లతో మొదలెట్టండి. దాహం వేయకముందే నీళ్ళు తాగండి. టైర్లలో గాలి చూసుకోండి. కొత్త సైకిలు కొనే తొందరా అక్కర్లేదు, మీ నాన్నగారి సైకిలు ఇంట్లో ఏ మూలో వుండే వుంటుంది. దుమ్ము దులిపి, చైనుకి నూనె వేసి, ముందు పెడల్ మీద కాలు పెట్టండి. నలుగురు తోడుంటే, కొండ సంగతి తర్వాత చూసుకోవచ్చు!